ఇటలీ తాతయ్య మెడ, పద్దెనిమిది డిగ్రీల అమ్మమ్మ

మా తాతయ్యకి ఎనభై ఆరేళ్ళు. ఒక ప్రపంచయుద్ధం, రెండు భూకంపాలు, ఒక కరోనా, లెక్కకి అందనంతమంది ముదీర్లు అనబడే మేనేజర్లు ఆయన ముందునుంచి నడిచి వెళ్ళారు. వేటికీ బెదరలేదు. ఆయన బెదిరేది ఒక్క గాలికి.

తుఫాను గాలికి కాదు. ఇసుకగాలి లేస్తే జనం కార్లలోకి దూరుతుంటే ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురు నిలబడతాడు. ఆయన పగవాడు వేరే. తలుపు సందులోంచి, కిటికీ చీలికలోంచి, అన్నిటికంటే ముఖ్యంగా ఏసీ నోట్లోంచి సన్నగా వచ్చి, చెమట పట్టిన మెడ వెనక తగిలే చల్లగాలి. మనకి వడదెబ్బ ఉన్నట్టు ఇటలీవాళ్ళకి గాలిదెబ్బ ఉందట. తగిలితే మెడ పట్టేస్తుంది, కడుపు బిగుస్తుంది, చెవి మూసుకుపోతుంది, మనిషి పోతాడు. అందుకని మెడకి ఉన్ని స్కార్ఫు. ముదురు ఎరుపుది, అంచున కుచ్చులున్నది. జూలైలో కూడా.

అలాంటి మనిషి ఏరి కోరి కాపురం పెట్టింది ఎక్కడయ్యా అంటే అబుదాబీలో. బస్టాపుకి కూడా ఏసీ పెట్టిన దేశంలో.

ఇటలీ తాతయ్య నీకెక్కణ్ణుంచి వచ్చాడని నన్ను అడగనివాళ్ళు లేరు, కాబట్టి అది చెప్పేస్తాను. మా అమ్మని కన్న తండ్రి అమ్మకి ఏడాది నిండకుండానే జ్వరంతో పోయాడు. నరసాపురం పక్క పల్లెటూళ్ళో ఉన్న అమ్మమ్మ నర్సు చదువు చదివింది, అమ్మని పెంచి పెళ్ళి చేసింది, నన్ను ఉయ్యాల్లో వేసింది, వేసిన మర్నాడో ఆ మర్నాడో అబుదాబీ విమానం ఎక్కేసింది. అక్కడ రువైస్‌లో రిఫైనరీకి పైపులు వెయ్యడానికి వచ్చిన ఇటలీ ఫోర్‌మన్ ఒకాయన చెయ్యి కాల్చుకుని ఆవిడ వార్డులో చేరాడు. ఆ గాయం ఆయన చెప్పే కథలో ఏడాదికో జానెడు పెరుగుతుంది. ఇప్పటికి భుజం దాటి వీపు మీదికి వచ్చింది. అంత గాయంతో మంచం మీద కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "సిస్టర్, ఆ ఏసీ ఆపండి."

అమ్మమ్మ ఆపలేదు. పద్దెనిమిది రోజులు అడిగాడు. పద్దెనిమిది రోజులూ ఆపలేదు. పంతొమ్మిదో రోజున, తన మాట లెక్కచెయ్యని మనిషి భూమ్మీద ఈవిడొక్కతే అని తేల్చుకుని, పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఏసీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం అని ఆవిడ ఒప్పుకుంది. నలభై ఏళ్ళు దాటింది. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆయన ఇప్పటికీ ఆవిణ్ణి సిస్టర్ అనే పిలుస్తాడు. చర్చిలో కొత్తగా పరిచయమైన వాళ్ళు, ఈ సిస్టర్ మా ఆవిడ అని ఆయన చెప్పగానే ఒక అడుగు వెనక్కి వేస్తారు.

నన్ను ఇరవై రెండో ఏట ఇక్కడికి రప్పించింది ఆయనే. ఎయిర్‌పోర్టు బయట నలభై ఆరు డిగ్రీల ఎండలో నన్ను కావలించుకుని, ప్రయాణం ఎలా జరిగింది, అమ్మ ఎలా ఉంది అని ఒక్క ముక్క అడక్కుండా తన స్కార్ఫు తీసి నా మెడకి చుట్టాడు. "విమానంలో ఏసీ ఉంటదిరా అబ్బాయ్. నీకు తెల్వదు," అన్నాడు. ఆయన తెలుగు అలాగే ఉంటుంది. సగం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న గోదావరి, సగం అబుదాబీ శివారు ముసఫ్ఫాలో తను పెట్టుకున్న పైపుల వర్క్‌షాపులో జగిత్యాల వెల్డర్ల దగ్గర నేర్చుకున్నది.

ఆయన వంశవృక్షం కూడా గాలి లెక్క ప్రకారమే నడుస్తుంది. పెదనాన్న ఒకాయన యుద్ధంలో పోయాడు. తూటా తగిలి కాదట. ముందురోజు చెమటతో కిటికీ పక్కన కూర్చున్నాడట. మేనమామ చర్చి కప్పు బాగుచేస్తూ జారిపడ్డాడు. ఎందుకు జారాడు? మెడకి గాలి తగిలి తల తిప్పబోయాడు. ఒక అత్త తొంభై ఏడేళ్ళకి నిద్రలో కన్నుమూసింది. అది వయసు కాదా తాతయ్యా అంటే నాకేసి జాలిగా చూసి, "తలుపు తెరిచి పెట్టిర్రు," అన్నాడు.

ఆ వంశంలో మిగిలిన ఒక్కగానొక్క అక్కగారికి తొంభై ఒకటి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇటలీ కొండల్లోంచి నా ఫోనుకి వీడియో కాల్ చేస్తుంది. తెరనిండా ఆవిడ నుదురు ఒక్కటే కనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా మొదటి ప్రశ్న మారలేదు. మెడ కప్పుకున్నావా? నాకు ఇటాలియన్‌లో నాలుగు ముక్కలే వచ్చు. అందులో ఇదొకటి, మిగతావీ గాలి గురించే.

ఇటువైపు అమ్మమ్మ. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసిన మనిషి. ఆవిడ శరీరం పద్దెనిమిది డిగ్రీలకి అలవాటు పడిపోయింది. పందొమ్మిదికి పెడితే విసనకర్ర అడుగుతుంది, ఇరవైకి ప్రార్థన మొదలెడుతుంది. ఏసీ లేకుండా ఆవిడకి కునుకు పట్టదు. ఏసీ ఉన్న గదిలో ఆయన కాలు పెట్టడు.

మరి నలభై ఏళ్ళ కాపురం ఎలా సాగిందంటారా? ఒక గోడ వల్ల. అబుదాబీలో వాళ్ళ పాత ఫ్లాటులో రెండు పడకగదులు, మధ్యన గోడ. ఆ పక్క ఆవిడ హిమాలయం, ఈ పక్క ఆయన వేసవికాలం. పగలంతా కలిసి తిని, కలిసి పోట్లాడి, కలిసి మార్కెట్‌కి వెళ్ళి, భోజనం కాగానే ఎవరి గదిలోకి వాళ్ళు. పడుకునే ముందు ఆయన తన పెళ్ళి ఉంగరంతో గోడ మీద రెండుసార్లు తట్టేవాడు. ఆవిడ గాజుతో రెండుసార్లు తట్టేది. ఆ తర్వాతే ఇద్దరికీ నిద్ర. సెలవురోజుల్లో నేను వెళ్ళి హాల్లో పడుకున్నప్పుడల్లా ఈ టకటక విన్నాను. ఆ బిల్డింగు ఇనుము మీదో సిమెంటు మీదో నిలబడి ఉందని కట్టినవాళ్ళు అనుకునేవారు గానీ, అది నిలబడింది ఆ టకటక మీద.

కరోనా సద్దుమణిగిన రెండో ఎండాకాలం, పాతబడిందని ఆ బిల్డింగు ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దర్నీ ముసఫ్ఫాలో మా ఫ్లాటుకి తెచ్చుకున్నాం. మాకున్నవి రెండు గదులు. ఒకటి నాదీ మా ఆవిడదీ. రెండోది రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మంచం నిలువుగా తప్ప అడ్డంగా పట్టదు. ఉత్తరం గోడకి ఏసీ, దక్షిణం గోడ వారగా బాత్రూం తలుపు. అదే వాళ్ళిద్దరికీ. మధ్యన గోడ లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఏసీ వేశారు. తాతయ్య స్కార్ఫు మీద దుప్పటి, దుప్పటి మీద మా ఆవిడ శాలువా కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, మంచం అంచున కూర్చుని చివరి కోరిక చెప్పబోయే వాడిలా ఉన్నాడు. రెండో రోజు ఏసీ ఆపారు. అమ్మమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మా ఆవిడ మెల్లిగా అంది, "తాతయ్యగారికి హాల్లో పక్క వేద్దామా అమ్మమ్మా?"

"హాల్లో పడుకోబెట్టడానికి ఆయనేమన్నా చుట్టపుచూపుగా వచ్చాడా?" అంది అమ్మమ్మ. హాల్లోనూ ఏసీ ఉందనుకోండి, అది వేరే సంగతి.

నాలుగో రోజు శనివారం. అమ్మమ్మ తన పెట్టె తెచ్చి గది గుమ్మం పక్కన పెట్టింది. "కరామాలో నాతో పనిచేసిన సిస్టర్ ఉందిగా, కొడుకు దగ్గర. వాళ్ళింట్లో ఓ గది ఖాళీగా ఉందంట. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. ఈలోగా దారి కనపడితే సరే. లేకపోతే నన్ను దుబాయ్ బస్సు ఎక్కించెయ్యరా. కోపం లేదు. ఈ వయసులో నిద్ర లేకపోతే బతకలేను, అంతే," అంది.

కోపం లేదనడానికే నాకు భయం వేసింది. ముసఫ్ఫా నుంచి కరామాకి గంటన్నర ప్రయాణం. ఆయన చూపు ఆనక డ్రైవింగు మానేసి నాలుగేళ్ళయింది. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. ఎనభై దాటిన ఇద్దరు మనుషులు ఒకసారి రెండు ఊళ్ళయ్యారంటే మళ్ళీ ఒక ఇల్లు కారు. అది మాకందరికీ తెలుసు. ఆ పెట్టె పక్కనుంచి నడిచినప్పుడల్లా మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేది, అది తాకితే కదిలి వెళ్ళిపోతుందేమో అన్నట్టు.

తాతయ్య ఆ సాయంత్రమంతా ఆ గదిలో నిలబడి ఏసీని చూశాడు. జీవితమంతా ఆయన చేసిన పని ఒక్కటే. ఎడారిలో ఒక చోట ఉన్నదాన్ని, మధ్యలో చుక్క కారకుండా, ఇంకో చోటికి చేర్చడం. నూనె, ఆవిరి, ఉప్పునీళ్ళు. రాత్రి భోజనాల దగ్గర స్పూను కింద పెట్టి, "గాలి గూడా సరుకేరా అబ్బాయ్. పైపులో పెడితే చెప్పిన చోటికి పోతది," అన్నాడు.

మర్నాడు ఆయన దగ్గర ఒకప్పుడు పనిచేసి, ఇప్పుడు ముసఫ్ఫాలోనే ఏసీ డక్టుల పని చేస్తున్న జగిత్యాల ఆయన వచ్చాడు. అతనికీ యాభై దగ్గర పడ్డాయి. మనిషికి రెండు మాటలు తక్కువ, చేతికి రెండు పనులు ఎక్కువ. తాతయ్య అతనికి ప్లాను వివరించాడు. ఏసీ మూతికి రేకుతో గొట్టం బిగించాలి. దాని కిందే అమ్మమ్మ మంచం. మంచం మీద దోమతెర, పైన మందపాటి గుడ్డ కప్పు. గొట్టం చివర తిన్నగా ఆ తెరలోకి. లోపల పద్దెనిమిది, బయట ఎడారి. దక్షిణం కొసన, ఏసీకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో తన మంచం.

"దోమలు లేవు గద ముదీర్ సాబ్, తెర ఎందుకు?" అన్నాడతను.

"దోమల కోసం కాదు. ఆమెను పోకుండ ఆపుటానికి," అన్నాడు తాతయ్య.

మూడు రోజులు మా ఇల్లు ఓడ కట్టే రేవయింది. రేకు మోత ముసఫ్ఫాలోనే కాదు, నా అంచనా ప్రకారం రువైస్‌లో కూడా వినిపించింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి స్టూలెక్కి కొలతలు తీశాడు, మిల్లీమీటరులో సగం తేడా వచ్చిందని ఒక మూలమలుపు రేకు విప్పించాడు. కింది ఫ్లాటు మలబారీ ఆయన గొడవకి వచ్చి, తాతయ్య మెడకి స్కార్ఫు, చేతిలో పెద్ద కత్తెర చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. చాలామంది ఈ వయసులో మందుల వేళలు గుర్తుపెట్టుకోలేరు. ఈయన కాగితం మీద పెన్సిలు పెట్టి గాలి వేగం లెక్కగట్టాడు. నేను స్టూలు పట్టుకుని నిలబడి, ఈ మనిషి రక్తం నాలో ఒక్క చుక్క లేదు కదా, ఉంటే నేనూ ఏదో ఒకటి పనికొచ్చేది కట్టేవాణ్ణి కదా అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నానికి పూర్తయింది. వెండిరేకు గొట్టం, తెల్లటి తెర, లోపల చలి. తాతయ్య అమ్మమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ చుట్టూ చూసింది. తెర ఎత్తి చూసింది. దిండు చూసింది.

"తల ఎటండీ?"

"ఇటే సిస్టర్. గాలి సూటిగా ముఖానికే."

"ఇది ఉత్తరం కదా?"

"ఉత్తరమే. నేను దిక్సూచి పెట్టి చూసినా," అన్నాడు తాతయ్య, మెచ్చుకుంటుందని.

"ఉత్తరానికి తల పెట్టి ఎవరన్నా పడుకుంటారా?" అంది అమ్మమ్మ.

నేను కల్పించుకున్నాను. "అమ్మమ్మా, మనం మూడు తరాలుగా చర్చికి వెళ్తున్నాం."

"వెళ్తున్నాం. అయితే? చర్చికి వెళ్ళడానికీ ఉత్తరానికి తల పెట్టడానికీ సంబంధం ఏంట్రా?"

జగిత్యాల ఆయన గొంతు సవరించుకున్నాడు. "అవ్వ అన్నది కరెక్టే ముదీర్ సాబ్. మా ఊర్ల గూడ పెట్టరు."

"మరి మూడు రోజుల నుంచి కడుతున్నావ్. చెప్పవేంది?"

"మీరు ఇటలోళ్ళు గద. మీ లెక్క మీకుంటదనుకున్న."

దిండు అటు మారుస్తానని నేను దూరబోతే అమ్మమ్మ ఆపింది. తల దక్షిణానికి తిప్పితే చలి కాళ్ళకి తగులుతుందట. తను కాళ్ళతో నిద్రపోదట. పైగా గది నడిమధ్యన తల పెట్టి పడుకోవడానికి ఇదేం రైల్వే ప్లాట్‌ఫారం కాదట, తల ఎప్పుడూ గోడకి ఆనాలట. అంటే మిగిలింది దక్షిణం కొస. బాత్రూం పక్కన. తాతయ్య తన మంచం వేసుకున్న చోటు.

తాతయ్య ఇవేమీ వింటున్నట్టు లేదు. మంచం కోడు పట్టుకుని నిలబడి, లెక్క తప్పిన పిల్లాడిలా అడిగాడు. "నలభై ఏండ్లు ఆ గదిలో తల ఎటు పెట్టేదానివి సిస్టర్?"

"దక్షిణానికే. గోడవైపు."

"ఏ గోడ?"

"మీరు తట్టే గోడండీ. తల అటు లేకపోతే ఆ రెండు దెబ్బలు నాకు వినపడతాయా?"

భూమ్మీద ఆ మనిషి కొలవనిది లేదు. రువైస్ నుంచి సముద్రం దాకా ప్రతి పైపు పొడవూ ఇప్పటికీ నోటికి చెబుతాడు. తన పెళ్ళాం తల తన ఉంగరానికి జానెడు దూరంలో నలభై ఏళ్ళు ఉందన్న కొలత మాత్రం ఆయనకి ఆ బుధవారం తెలిసింది. స్కార్ఫు కొసతో ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత డక్టు ఆయన వైపు తిరిగి, "ఖలాస్. అంతా విప్పు," అన్నాడు.

"మళ్ళ మొదటి నుంచా?"

"మొదటి నుంచి. ఆమె మంచం అటు. నాది ఇటు."

ఇటు అంటే ఎటో మాకందరికీ అర్థమైంది. ఏసీ కింద. ఆయన మెడకి మూడడుగుల పైన. గొట్టం ఆయన మంచం మీదుగా కప్పు పొడవునా పాకి ఆ కొసన ఆవిడ తెరలో దిగాలి. "తాతయ్యా, ఎక్కడన్నా కాస్త లీకయిందంటే," అని నేను నసిగాను.

"నా చేతి జాయింటు లీక్ కాదు," అన్నాడు.

గురువారమంతా పని. ఏసీ మూతికి గొట్టం కలిసే ఆ మొదటి జాయింటు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రివెట్లు వేళ్ళలోంచి జారి మంచం కిందికి దొర్లాయి. ఒక్కో రివెట్‌కి రెండు నిమిషాలు పట్టింది. జగిత్యాల ఆయన రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. శుక్రవారం పొద్దున్న టిష్యూ కాగితాన్ని సన్నగా చీల్చి, ప్రతి జాయింటు దగ్గరా పట్టుకుని చూశాం. కాగితం కదల్లేదు. తాతయ్య మా ఇద్దరి ముఖాల్లోకి మార్చి మార్చి చూసి నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ రొయ్యల ఇగురు చేసింది. అమ్మమ్మ తినేసి చెయ్యి కడుక్కుని, గుమ్మం పక్క పెట్టెకేసి చూడకుండా గదిలోకి వెళ్ళింది. తెర ఎత్తింది, దక్షిణం గోడకి తల ఆనించింది. నేను ఏసీ పద్దెనిమిదికి పెట్టి, ఫ్యాను పూర్తిగా పెంచాను. పొద్దున్న పరీక్షప్పుడు సగమే పెట్టామని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎలా ఉందే అమ్మమ్మా?"

తెరలోంచి, "థియేటర్‌లో ఉన్నట్టే ఉందిరా," అంది. ఆ గొంతులో అంత హాయి విని పదేళ్ళయింది.

తాతయ్య తన మంచం మీద వెల్లకిలా పడుకుని, స్కార్ఫు సర్ది, కళ్ళు మూసుకున్నాడు. నేను బయటికి రాబోతూ చూశాను. స్కార్ఫు అంచున కుచ్చుల్లో ఒకటి, ఎడమ చెవి కింద ఉన్నది, లేచింది. పడింది. మళ్ళీ లేచింది. గాలి పైనుంచి, ఆ మొదటి జాయింటు నుంచి, దారమంత సన్నగా సరిగ్గా ఆయన మెడ మీదికి దిగుతోంది.

పక్కింటి ఫ్రిజ్ తలుపు తీస్తే తుమ్మే మనిషి ఆయన. తెలియకపోవడమన్నది జరగదు.

నేను హాల్లోకి పరుగెత్తి అల్యూమినియం టేపు చుట్ట తెచ్చి స్టూలు కోసం వెతుకుతుంటే ఆయన ఒక కన్ను తెరిచాడు. నా చేతిలో టేపు చూశాడు. గొట్టం విప్పి మళ్ళీ కడితే ఇంకో రోజు. అమ్మమ్మ ఇచ్చిన గడువు ఈ సాయంత్రం. టేపు అంటిస్తే ఆ చప్పుడికి ఆవిడ లేస్తుంది, ఏమైందని అడుగుతుంది, లీకయిందని తెలిస్తే ఈయన మెడ కోసం ఆవిడే పెట్టె పట్టుకుని బయల్దేరుతుంది. ఇదంతా నాకు తర్వాత తట్టింది. ఆయన అప్పుడు చేసిందల్లా కుడిచేతి అయిదు వేళ్ళూ మొగ్గలా ముడిచి, ఇటలీవాళ్ళు ఆడించే పద్ధతిలో నా వైపు ఒకసారి ఆడించడం. ఆ సైగకి నలభై అర్థాలు చెప్పాడు నాకు ఇక్కడికొచ్చిన కొత్తలో. ఇది నలభై ఒకటోది.

నేను టేపుని వీపు వెనక దాచుకున్నాను.

ఆయన చెయ్యి పైకెత్తి, ఉంగరంతో ఆ రేకు గొట్టం మీద రెండుసార్లు తట్టాడు. ఆ చప్పుడు గొట్టం వెంబడి కప్పు పొడవునా పాకి తెరలోకి దిగింది. కాసేపటికి, నిద్రలోకి సగం జారిన చేతినుంచి, గాజు మంచం పట్టీకి రెండుసార్లు తగిలింది.

సాయంత్రం మా ఆవిడ పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో సర్దింది. అమ్మమ్మ చూసి, నీలం చీర కింది అరలో పెట్టమంది.

ఆదివారం ఇటలీ నుంచి కాల్ వచ్చింది. తెరనిండా నుదురు. మెడ కప్పుకున్నావా అని అడిగింది అక్కగారు. కప్పుకున్నాను అన్నాడు తాతయ్య. గాలి తగలట్లేదు కదా అని ఆవిడ రెట్టించింది. మెడ పట్టేసి పక్కకి తిప్పలేక, మనిషంతా తిరిగి ఫోనుకేసి చూస్తూ, ఆయన స్కార్ఫు సర్దుకున్నాడు.

"గాలా? ఎడారిలో గాలెక్కడిదక్కా," అన్నాడు.

ఇది జరిగి రెండేళ్ళు దాటుతోంది. ఆ టేపు చుట్ట నా సొరుగులోనే ఉంది. కుచ్చు ఇంకా ఆడుతూనే ఉంది.